తీతువుల దారి

తమ్ముడి సంచిలో టార్చి, కత్తెర, రెండో జత సాక్సు సర్దాను. సరస్సులోని రెల్లుగడ్డిలో దొంగచాటుగా కట్టిన వలలు కోసి, చిక్కిన పక్షులను వదిలేయడం వాడి ఉద్యోగం.

“పొద్దున్నే వెళ్లకూడదట్రా?”

“చిక్కినవి పొద్దుటిదాకా బతకొద్దూ? గట్టుకేగా పోతున్నానక్కా, చంద్రమండలానికి కాదు.”

గట్టున మనిషి నడిస్తే తీతువులు లేచి అరుస్తాయి. ఆ అరుపులను బట్టి వాడెంతదూరం వెళ్లాడో పడుకునే చెప్పగలిగేదాన్ని. ఆ రాత్రి అరుపులు రెల్లుగడ్డి దాకా వెళ్లి ఆగిపోయాయి. చాలాసేపటికి మళ్లీ మొదలై, కొంచెం కొంచెంగా ఇంటివైపు వచ్చాయి. ప్రాణం కుదుటపడి తలుపు తీశాను.

బాట మీద ఎవరూ లేరు. గుమ్మం ముందు నేల మీద ఒక తీతువు నిలబడి, నన్ను కాదు, నా వెనక గదిని చూసి అరుస్తోంది.

ఇది ముప్పయ్యొక్క ఏళ్ల కిందటి మాట; ఆ నవంబరు తొమ్మిది రాత్రి వెళ్లిన తమ్ముడు తిరిగి రాలేదు.