తాటి మొద్దులు

"జాకీ ఉండంగా ఈ తాటి మొద్దులెందుకు వదినా? వ్యానుకు పీటలేసి అన్నం పెడతావా ఏమి?" అని ఎగతాళి చేసి మరిది దినకర్ తన ఇంటికి పోయాడు. ఆ రాత్రి పూండి రోడ్డు పక్క మెకానిక్ షెడ్డులో కోకిల ఒక్కతే మిగిలింది. చెడిపోయిన వ్యాను బాగై, తెల్లారేసరికి కూరగాయలతో తిరుత్తణి మార్కెట్టులో ఉండాలి.

ఆమె చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వ్యానును జాకీతో ఎత్తి, దాని కింద మొద్దులు దోపింది. మర తిప్పి జాకీని దించే రాడ్డును తన దగ్గరే పెట్టుకుని కిందికి దూరింది.

బోల్టు విప్పుతుంటే కిర్రుమని చప్పుడైంది. తల తిప్పి చూసింది. జాకీ మర మెల్లగా తిరుగుతోంది. రాడ్డు ఆమె చేతిలోనే ఉంది. చుట్టూ ఎవరి కాళ్లూ లేవు.

బుస్సుమని జాకీ కుంగిపోయింది. వ్యాను గుండెల మీదికి దిగివచ్చి, జానెడు దూరంలో మొద్దుల మీద కూర్చుండిపోయింది. ఆ తరువాత కీచురాయి కూడా అరవలేదు.

కోకిల పాక్కుంటూ బయటికొచ్చింది. షెడ్డంతా వెతికింది. ఎవరూ లేరు. మర బిగించి, వ్యానును మళ్లీ ఎత్తింది.

"ఎంతసేపు తిప్పుకుంటావో తిప్పుకో. నా పీటలు యాడికీ పోవు," అని చీకటికి చెప్పి మళ్లీ కిందికి దూరింది.

మర కిర్రుమంది. ఈసారి కోకిల తల తిప్పి కూడా చూడలేదు.