అంచనా తప్పితే

"ఎన్ని వస్తాయి?" అన్నాడు నాన్న.

అమ్మాయి రాసిన పేపరు ఆయన ఒక చేతిలో, టేకు బద్ద ఇంకో చేతిలో. ఆయన వడ్రంగి. కొలత తప్పితే తలుపు ద్వారబంధంలో ఇమడదు, అంచనా తప్పితే మనిషి బతుకులో ఇమడడు. అదీ ఆయన సిద్ధాంతం.

ప్రపంచ చరిత్ర పరీక్షకు ఇంకా నాలుగు రోజులు. రోజుకో నమూనా పేపరు. రాశాక, ఎన్ని మార్కులొస్తాయో ముందే చెప్పాలి. తర్వాత ఆయన గైడు చూసి దిద్దుతాడు. తేడా వచ్చిన ప్రతి మార్కుకూ ఒక దెబ్బ. తక్కువ చెప్పినా అంతే, ఎక్కువ చెప్పినా అంతే.

మొన్న ఆరు. నిన్న తొమ్మిది.

"డెబ్బై ఒకటి" అంది అమ్మాయి.

అమ్మ ఎప్పటిలాగే వంటింటి గుమ్మంలో నిలబడింది.

ఎర్ర పెన్ను విప్లవాలూ, సంధులూ, యుద్ధాలూ దాటుకుంటూ చివరి పేజీకి చేరింది.

"డెబ్బై ఒకటే!" నాన్న మొహం విప్పారింది. అంతలోనే కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టాడు. సరైన సంవత్సరాన్ని చెరిపి, దాని మీద తప్పుది రాసిన గుర్తులు. ఒకచోట కాదు, ఐదు చోట్ల.

"లెక్క కుదరాలని తెలిసి తెలిసీ తప్పు రాస్తావా? నన్నే బురిడీ కొట్టిస్తావా?"

"ఇంకెప్పుడూ చెయ్యను నాన్నా! నీ కాళ్లు పట్టుకుంటా!"

బద్ద లేచింది.

"కళ్లు ముయ్యకు. లెక్కపెట్టు."

"ఒకటి... రెండు..."

ఏడుకి చర్మం చిట్లింది. పదకొండుకి గోడ మీద రక్తం చిందింది. పన్నెండు పడగానే అమ్మాయి శివమెత్తినట్టు లేచి బద్ద లాక్కుంది. ఉన్న బలమంతా కూడగట్టి ఆయన మోకాలి మీద వేసింది. ఎముక పటుక్కుమంది. నాన్న నరికిన దుంగలా కూలాడు.

"పదమ్మా" అంది, దండెం మీది దుప్పటి లాగుతూ.

పోలీస్ స్టేషన్‌లో మహిళా ఎస్సై అంతా రాసుకుంది. పెన్ను పక్కన పెట్టి అమ్మాయిని ఎగాదిగా చూసింది.

"పన్నెండు దెబ్బలంటున్నావు. నీ ఒంటి మీద గీత కూడా లేదే! పరీక్ష ఎగ్గొట్టడానికి కథలల్లుతున్నావా?"

అమ్మాయి, వెనక నిలబడ్డ అమ్మను ముందుకు తెచ్చి, మెల్లగా అటు తిప్పి, వీపు మీది దుప్పటి తొలగించింది.