యుద్ధభూమిలో వేరు కాపురం

"ముందు కాల్చు! మాటలు తర్వాత!"

"ముందు మాట తేలాలి. మా అమ్మకి ఎవరు చెప్తారు, నువ్వా, నేనా?"

అతను ఇటు తిరిగి అడిగేలోపే, అటు తెర మీద అతని సైనికుడు ఇసుక బస్తాల మీద బోర్లా పడ్డాడు. తెరంతా ఎర్రబడింది.

"పోయావా?" అంది భార్య.

"పోయాను."

"కొత్త పెళ్ళాన్ని ఇలా నడియుద్ధంలో వదిలేసి పోతే ఎలాగయ్యా మగడా?" అని నవ్వుతూనే ఆమె తన తుపాకీ అటు తిప్పింది. ఎవరికీ తగల్లేదు. ఓ గోడకి మాత్రం చిల్లులు పడ్డాయి.

క్యాబిన్ పరదా పక్కకి జరిగి ఓ తల లోపలికొచ్చింది. గేమింగ్ సెంటర్ ఓనరు. అక్కడికొచ్చే కుర్రాళ్ళంతా ఆయన్ని కెప్టెన్ అంటారు.

"సార్, చచ్చిపోయాక అంత తీరుబడిగా కూర్చుంటే ఎలా? బయట కుర్చీల కోసం జనం కాచుకుని ఉన్నారు. ఆడితే ఆడండి, కబుర్లయితే లేవండి."

"ఇదిగో, బతికేశానండీ!" అంటూ అతను గబగబా మీటలు నొక్కాడు.

తల వెళ్ళిపోయింది. ఆమె లేచి పరదా పూర్తిగా లాగి వచ్చి కూర్చుంది. ప్లైవుడ్ గోడలు, రెండు కుర్చీలు, రెండు కంప్యూటర్లు, చెవులకి చెరో హెడ్‌సెట్, మోకాలికి మోకాలు తగిలేంత చోటు. తగిలితే తగలనీ అని ఆమె కాలు జరుపుకోలేదు.

ఇంట్లో వాళ్ళ గదికి తలుపుంది. గడియ పెడితే మాత్రం బావగారి కవలలు వచ్చి డప్పు వాయిస్తారు. ఫోన్లో రాసుకుంటే ఆ కవలలే అందరి ముందూ పైకి చదువుతారు. పార్కుకి వెళ్తే మామగారి స్నేహితుడెవరో పలకరించి, బెంచీ మీద ఇద్దరి మధ్యా సర్దుకుని కూర్చున్నాడు. ఇక్కడ ఆ బాధ లేదు. ఈ తుపాకుల మోతలో పక్క క్యాబిన్ వాళ్ళకి ఏమీ వినపడదు.

"సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పకపోతే ఆ పోర్షన్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు ఇంటాయన," అందామె. ఆమె కాలు ఊరికే ఊగుతూనే ఉంది. "వంటింటి కిటికీ చూశావుగా? పొద్దుటి ఎండ సరిగ్గా గట్టు మీద పడుతుంది. కప్పులు ఎక్కడ తగిలించాలో కూడా అనుకున్నాను."

"నేను బట్టలారేసే తీగ ఎక్కడ కట్టాలో అనుకున్నాను. కష్టం అది కాదు. అమ్మ..."

"తెలుసు."

"వేరు కాపురం అనగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. నేనది చూడలేను."

"నేను మాత్రం చూడగలనా? నిన్న కూర్చోబెట్టి నా జడ చిక్కంతా తీశారు. ఆవిడతో ఏ నోటితో చెప్పను? కోడలొచ్చి కొడుకుని ఎగరేసుకుపోయిందనుకోరూ?"

"అయితే ఇల్లు వద్దని చెప్పేద్దామా?"

"వద్దనకు! అయ్యో, ఎడమ వైపు! పరిగెత్తు!"

ఆ సెంటర్లో ఎవరు ఏ క్యాబిన్‌లో కూర్చున్నా అందరిదీ ఒకే యుద్ధం. సగం మంది ఇటు, సగం మంది అటు. ఇద్దరూ కూలిన వంతెన మీదుగా పరిగెత్తి, బాంబు పడ్డ ఓ ఇంట్లో దూరి, గోడవారగా నక్కారు.

"పైకప్పు లేదు గానీ గాలి బాగా వస్తోంది," అన్నాడతను.

"అద్దె కూడా లేదు. సరే, ఇప్పుడు నేనే మీ అమ్మననుకో. చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. "అమ్మా..."

"ఏంట్రా నాన్నా?"

"అమ్మా... ఆకలేస్తోంది."

ఆమె భుజంతో ఒక్కటిచ్చింది. "ఇలాగే ఆకలేస్తూ కూర్చో. ఆ కిటికీలో ఎండ ఇంకెవరి కప్పుల మీదో పడుతుంది."

"లేదు లేదు. ఇంటికెళ్ళగానే చెప్పేస్తా. ఒట్టు. నువ్వు మాత్రం నా పక్కనే నిలబడు."

"పక్కనే కాదు, ముందే నిలబడతా. ఉష్! అడుగుల చప్పుడు. మాట్లాడకు, దగ్గరికొస్తే మన మాటలు వాళ్ళ హెడ్‌సెట్‌లోకి పోతాయి."



గుమ్మంలో శత్రు సైనికులిద్దరు కనిపించారు. ఒకడు లోపలికొచ్చి తిన్నగా గోడకి గుద్దుకుని, ఉన్నచోటే నడుస్తున్నాడు. రెండోవాడి తుపాకీ ఆకాశం వైపుంది. ఉండుండి కూర్చుంటున్నాడు, లేస్తున్నాడు. ఇంత సులువైన శత్రువులు ఆ రోజంతా దొరకలేదు. కొట్టెయ్యమని ఆమె కళ్ళతోనే చెప్పింది. అతను మీట మీద వేలు పెట్టాడు.

అప్పుడే హెడ్‌సెట్‌లో ఓ ఆడగొంతు వినిపించింది.

"ఏమండీ, ఆ గోడని వదిలి ఇటు తిరగండి. ఊరికే నిలబడితే ఆ కెప్టెన్ మళ్ళీ వచ్చి లేవమంటాడు."

అతని వేలు అలాగే బిగుసుకుపోయింది. ఆమె కాలు ఊగడం ఆగిపోయింది. రోజూ పొద్దున్నే తలుపు కొట్టి వాళ్ళిద్దర్నీ నిద్రలేపే గొంతది.

"అమ్మ!" అని చప్పుడు రాకుండా పెదవులు కదిపాడతను.

"ఎదురుగా శత్రువులున్నారు కదే!" మామగారు కంగారుపడుతున్నారు.

"ఉంటే ఉండనీండి, వాళ్ళే చంపుతారు. ముందు ఈ సంగతి తేల్చండి. వేరే ఇల్లు చూసుకోమని చిన్నోడికి మీరు చెప్తారా, లేక నన్నే గయ్యాళి అత్తని చేస్తారా?"