చేతిలో ఇమిడే రేడియో

"ఇది పెద్దది. కాంత చేతిలో ఇమడదు."

తనలో తాను అనుకున్న మాట పైకే వచ్చేసింది జగన్నాథానికి. అదీ తెలుగులో. కౌంటర్ వెనక రేడియోలు తుడుస్తున్న మోహిని తలెత్తి చూసింది. ఫిజీ దీవుల్లోని ఈ లంబాసా బజారులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా హిందీయే. ఆ షాపులో తెలుగు వినబడి ఎన్నాళ్ళయిందో.

"మా నానీ, అమ్మ వాళ్ళమ్మ, ఇట్లనే మాట్లాడేది, కాకా. నాకు కొంచెం కొంచెం వస్తాది. కాంత ఎవరు, కాకీయా?"

"ఆఁ. మా ఇంటిది."

"తోడు తీసుకుని రాలేదేం? ఆమె రేడియో ఆమే చూసుకోవాల కదా."

"ఇంట్లో ఉంది. జనం వచ్చినారు."

జనం అంటే మామూలు జనం కాదు. బులిలేకా ఊళ్ళో ఆయన ఇంటి ముందు పందిరిలా రేకుల షెడ్డు వేశారు. కూతురు వాలేలేవు నుంచి నిన్ననే విమానంలో వచ్చింది. లోవు ఊరి చుట్టాలు పొద్దున్నే పడవ దిగారు. మగవాళ్ళంతా చాపల మీద యంగోనా వేరు కషాయం గిన్నె చుట్టూ చేరారు. ఆ సందడిలోంచి లేచి, బావమరిది కారెక్కి, బజారుకొచ్చాడు జగన్నాథం.

షెడ్డు సంగతి చెప్పగానే మోహిని ముఖం వెలిగిపోయింది. "షెడ్డు వేసినారా? ఇంట్లో శాదీయా? లేక మీ ఇద్దరి పెళ్ళిరోజా?"

"మా పెళ్ళికి కూడా షెడ్డే వేసినారు," అన్నాడు జగన్నాథం, ఇంకో రేడియో అందుకుంటూ.

ఇంట్లో రేడియో లేక కాదు. ముందు గదిలో బీరువా అంతది ఉంది. అది ఆయనది. ఆయన వార్తలు, ఆయన రగ్బీ, ఆయన కునుకు. కాంత రేకుల వంటింట్లో, పొయ్యి దగ్గర. పాట మొదలయ్యేసరికి రొట్టె పెనం మీద ఉంటుంది. చెరుకు నరికేవాళ్ళకి అన్నం మోసుకెళ్ళే వేళకి చివరి చరణం వస్తుంది. గౌను జేబులో అగ్గిపెట్టె పక్కన పట్టే చిన్న రేడియో ఒకటి కొనిపెట్టమని అడగ్గా అడగ్గా, ఆయన ఒకసారి ఎరువు కొన్నాడు, ఒకసారి గొర్రు కొన్నాడు. 'కొందాంలేవే, ఎక్కడికి పోతుంది' అన్నాడు. ఆలస్యం అమృతం విషం అని వాళ్ళమ్మ ఊరికే అనలేదు. ఇవాళ మాత్రం కొనకుండా ఇంటికి వెళ్ళకూడదు.

మోహిని ఎర్రది తీసింది. ఆ రంగు వద్దన్నాడు, కాంతకి నీలం ఇష్టం. చెవిలో పెట్టుకుని వినేది తీసింది. అదీ వద్దు, పాటంటే కాంత ఒక్కతే వినే రకం కాదు, కోళ్ళకి కూడా వినిపిస్తుంది. టార్చిలైటున్న రేడియో తిప్పి చూశాడు. మీట గట్టిగా ఉంది.

"ఆమె వేళ్ళు బిగుసుకుపోయినాయి," అన్నాడు మెల్లగా.

"మా నానీకి కూడా అంతే ఉండేది. చలికి ఎక్కువ," అంది మోహిని జాలిగా. అట్టపెట్టెలు వెతికి, అడుగునుంచి నీలం రంగు రేడియో ఒకటి లాగింది. అరచేతిలో సగం. మీట వేలు తగిలితే తిరుగుతోంది. జగన్నాథం దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"పాడుతుందో లేదో చూడాల."

మోహిని షాపులో వాడే పాత బ్యాటరీలు రెండు వేసి, హిందీ స్టేషన్ పెట్టింది. ఒక ఆడమనిషి బరువైన గొంతుతో చదువుతోంది: "బంధుమిత్రులకు విచారంతో తెలియజేస్తున్నాం..." రోజూ మధ్యాహ్నం రేడియోలో చదివే చావు కబుర్లు. ఫిజీలో ఆ వేళకి గిన్నెల చప్పుడు కూడా ఆగిపోతుంది. పేరు రాకముందే జగన్నాథం మీట తిప్పేశాడు.

"ఆగు కాకా, ఎవరు పోయినారో విననీ."

"అది వద్దు. పాట పెట్టు."

నిజమేలే, కొత్త రేడియోలో మొదటి మాట చావు కబురు కావడమేమిటి అనుకుని, మోహిని పాట వెతికి పెట్టింది. జగన్నాథం కౌంటర్ మీద మోచేతులు ఆనించి, కదలకుండా విన్నాడు. చివరి చరణం దాకా విన్నాడు. అదే కాంతకి ఎప్పుడూ అందనిది. కళ్ళు తుడుచుకుంటుంటే మోహిని నవ్వింది.

"కాకీ అంటే ఇంత ప్రేమా?"

ఆయన జవాబు చెప్పేలోగా బావమరిది ధర్మేంద్ర గుమ్మంలోకి వచ్చాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "బావా, పండిత్ వచ్చేసినాడు. నువ్వు లేకుండా మొదలుపెట్టరు."

"అయిపోయింది, వస్తా ఉండా."

ఆ వీధిలో బేరమాడకుండా సరుకు కొన్న బులిలేకా మనిషిని మోహిని చూడలేదు. చెప్పిన ధర చేతిలో పెట్టేశాడు. ఏడాది గ్యారంటీ, చెడిపోతే తెమ్మంది.

"ఏడాదా," అన్నాడు జగన్నాథం, రేడియో వెనక మూత తీస్తూ.

మోహినికి ముచ్చటేసింది. "ఆ పాతవి తియ్యి కాకా, కొత్త బ్యాటరీలు నేనిస్తా. కాకీకి నా గిఫ్ట్."

జగన్నాథం రెండు బ్యాటరీలూ తీసి, ఆ పిల్ల అరచేతిలో పెట్టి, గుప్పిట మూశాడు.

"బ్యాటరీలు వద్దమ్మా, చితి మీద పేలతాయని పండిత్ చెప్పినాడు."