ఒక్క రింగు

స్రవంతికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పరాయి పట్నంలో తన భర్త దేవేందర్ రాత్రి పని దిగి, ఒంటరిగా రూము దాకా నడిచే దారి.

గల్ఫ్‌లో ఏ ఊరైనా కోరుట్లలో అందరికీ దుబాయే. ఆ దుబాయిలో, వంతెన కింద చీకట్లో, బైకుల మీద వచ్చి కూలీల జేబులు గుంజుకునేవాళ్లున్నారని దేవేందరే చెప్పాడు. ఫోన్ జేబులో వద్దు, బూటులో పెట్టుకొని నడువమని స్రవంతి చెప్పింది. రూము చేరగానే అతను ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తాడు. ఎత్తితే పైసలు పోతాయి. రింగు వచ్చిందంటే మనిషి క్షేమంగా చేరినట్టే. అది విన్నాకే ఆమె బీడీల చాట పక్కకు జరిపి పడుకుంటుంది.

ఇవాళ రింగు రాలేదు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె రోజులు, బొగ్గు గనులు కూడా బంద్. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో తెలియదు. దీపం వెలుతురులో చుట్టిన బీడీలు వంకర పోతున్నాయి. ఫోన్ తీసి చూసింది. చార్జింగ్ ఉంది. సిగ్నల్ ఉంది. తనే చేద్దామంటే బ్యాలెన్స్ లేదు, రీచార్జ్ దుకాణాలన్నీ బంద్.

ఇంకొంచెంసేపు చూద్దామనుకుంది. చూసింది. రాలేదు.

నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకొని, తలుపుకు గొళ్లెం పెట్టి బయటికొచ్చింది. వెనక గల్లీలో హలీమాబీ ఇల్లు. ఆమె కొడుకు ఇక్బాల్ కూడా గల్ఫ్‌లోనే ఉన్నాడు. ఆమె ఫోన్‌లో ఎప్పుడూ పైసలుంటాయి.

పగలంతా తిరిగే గల్లీయే. చీకట్లో అది తన ఊరిది కానట్టుంది. మూల తిరిగేసరికి వెనక చెప్పుల చప్పుడు. స్రవంతి జోరుగా నడిచింది. చప్పుడూ జోరందుకుంది. బిడ్డను గట్టిగా అదుముకుంది. వీపు మీద టార్చిలైటు వెలుగు పడింది.

"ఎవలది?"

ఆమె ఆగకుండా పరుగు అందుకుంది.

"నిన్నే! గీ రాత్రి పోరిని ఎత్తుకొని యాడికి పోతున్నవ్?"

తిరిగి చూసింది. సమ్మె దీక్షా శిబిరం దగ్గర రాత్రి కావలి ఉండే ముసలాయన, భూమయ్య.

"హలీమమ్మ ఇంటికి కాకా. ఫోన్ చెయ్యాలె."

"మరి నన్ను జూసి గట్ల ఉరుకుతవేంది? నేనేమన్న పోలీసోన్నా, లాఠీ పట్టుకొని అచ్చిన్నా? పా, కుక్కలున్నయి. బాటరీ పడుత."

ఆయన వెలుగు పట్టి ముందు నడిచాడు. స్రవంతికి ఏడుపొచ్చింది. ఇక్కడైతే వెనక వచ్చినవాడు దీపం పట్టాడు. అక్కడ ఆ వంతెన కింద ఎవరు పడతారు?

హలీమాబీ తలుపు తీసి, ఆమె మొహం చూసి చెయ్యి పట్టుకుంది.

"ఏమాయె బిడ్డా?"

"రింగు రాలేదమ్మా."

"ఓస్, గింతేనా! మా ఆయన గీ కోరుట్లలనే ఉండి నడిజాముకు అచ్చేటోడు. రింగు లేదు, గింగు లేదు. కూసో. నీళ్లు తాగు."

స్రవంతి కూర్చోలేదు.

"మీ ఆయన గొంతు ఇని ఎన్ని దినాలాయె?" హలీమాబీ ఫోన్ చేతికిస్తూ అడిగింది.

"ప్రతి శుక్రవారం మాట్లాడుతడు. పోయిన శుక్రవారం పగలంత కరెంటు లేక నా ఫోన్ బందువడ్డది. చేసిండో, లేదో. కానీ రాత్రి చార్జింగ్ పెట్టంగనే రింగు అచ్చిందమ్మా. రోజూ అచ్చింది. ఇయ్యాలనే..."

"నిన్నటిదాక అచ్చింది గద! మరి భయమెందుకు? చెయ్యి, చెయ్యి. నాలుగు తిట్లు తిట్టు. నా పైసలే."

స్రవంతి దేవేందర్ నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. ఎత్తారు.

"హలో! ఏందయ్యా నువ్వు, పాణం పోతుంది ఈడ..."

"హలో, ఎవరు?"

అది దేవేందర్ గొంతు కాదు.

"నువ్వెవలు? మా ఆయన ఫోన్ నీ దగ్గర ఎందుకున్నది?"

"స్రవంతి వదినా? నేను రిజ్వాన్‌ను, జగిత్యాల రిజ్వాన్‌ను. అన్న రూమ్ల ఉంట గద."

ఆమెకు ఊపిరి వచ్చింది. రిజ్వాన్ తెలుసు. ఫోన్ రూములోనే ఉందంటే మనిషీ రూములోనే ఉన్నట్టు.

"పండుకున్నడా మీ అన్న? రింగు ఇచ్చుడు యాది మరిచిండా? లేపు, నేను అడుగుత."

హలీమాబీ నవ్వుతూ చూస్తోంది, తిట్టు, తిట్టు అన్నట్టు.

"మాఫ్ చెయ్యి వదినా. ఇయ్యాల నాకు డబుల్ డ్యూటీ పడ్డది. గిప్పుడే అచ్చిన. గందుకే రింగు లేటయింది."

"నీకు డ్యూటీ పడితే, ఆయన రింగు ఎందుకు లేటయితది రిజ్వాన్?"

ఏడుపు వినిపించింది. మగవాడి ఏడుపు.

"పోయిన బేస్తారం, శుక్రవారం ముందటి రాత్రి, అన్నను వంతెన కింద కొట్టిండ్రు వదినా. ఫోన్ బూటుల ఉండంగ దొరకలే. దవాఖానల ఇంక కండ్లు తెరుస్తలేడు. సమ్మెల, పోరితోని ఒక్కదానివి ఆగమైతవని చెప్పలే. గా రాత్రి కాన్నుంచి రింగు కొడుతున్నది నేనే."

మీవాళ్లెవరైనా పరాయి ఊళ్లో రాత్రిపూట ఒంటరిగా నడుస్తుంటే, రింగు వచ్చింది కదా అని పడుకోకండి. ఇప్పుడే ఫోన్ చెయ్యండి, గొంతు వినండి.