వెనక్కి చూసిన చిలుక

ఆలేరు దగ్గర పాడుబడ్డ బావిలో ఒకామె శవం తేలిందని లక్ష్మీనర్సమ్మకు వాళ్ల చెల్లెలు ఫోన్లో చెప్పిందట. ఆ చెల్లెలికి పాలు పోసే ఆమె చెప్పిందట. ఆ ముచ్చట కడుపులో పట్టుకోలేక లక్ష్మీనర్సమ్మ పొద్దున్నే గోడ పక్కింటికి, భద్రమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది.

“ఇది మూడోదంట వదినె. ముగ్గురూ మొగడు సచ్చినోళ్లో, ఇడిసినోళ్లో. ఎవడో వచ్చుడు, తియ్యగ మాట్లాడుడు, గుడిల పుస్తె కట్టుడు. నెల తిరక్కముందే బావిల తేలుడు. బంగారం, బట్టలు అన్నీ మాయం. వాని ఫొటో గూడ లేదట.”

“ఆమె పేరేంది చిన్నత్తా?” మిషన్ తొక్కుతూనే అడిగింది భద్రమ్మ కోడలు నవనీత.

“స్నేహలతట. అంగన్‌వాడీ టీచరు.”

మిషన్ మీద దారం తెగింది. మళ్లీ సూదిలోకి ఎక్కించడానికి నవనీతకు మూడుసార్లు పట్టింది.

“మీ ఇంటికొచ్చేటాయన గూడ ఫొటో దిగడు గదా,” అంది లక్ష్మీనర్సమ్మ మెల్లగా.

భద్రమ్మకు చుర్రుమంది. “కమలాకర్‌ను అంటె మర్యాద దక్కదు సూడు! నా మోకాళ్లకు నూనె తెచ్చి రాసిండు. కన్నకొడుకు గూడ గట్ల రాయలే.”

కన్నకొడుకు పోయి ఐదేళ్లయింది. కోడలిని పుట్టిల్లు పోచంపల్లికి పంపకుండా కొత్తకోటలోనే కూతురిలా పెట్టుకుంది భద్రమ్మ. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నవనీత గోళ్ల సందుల్లో మగ్గం దారాలకు అద్దిన రంగు నెల రోజులు పోలేదు. ఇప్పుడా చేతులకు అంటేది జాకెట్లు కత్తిరించే చాక్‌పీసు పొడి మాత్రమే. ముప్పై రెండేళ్ల పిల్ల ఇట్లా మోడులా ఉండిపోకూడదని, విత్తనాల ఏజెంటునంటూ వచ్చిన కమలాకర్‌తో పెళ్లి మాట ఎత్తింది కూడా భద్రమ్మే. రేపు ఏమైనా ఎక్కువ తక్కువైతే ఆ పాపం తనదేనని ఆమెకు తెలుసు. అందుకే లక్ష్మీనర్సమ్మ మాటకు అంత కోపం వచ్చింది.

సాయంత్రం కమలాకర్ వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే రెండు బిందెల నీళ్లు మోసి, మొహం తుడుచుకొని, సంచిలోంచి ఒక పట్టుచీర తీశాడు.

“మా అమ్మదమ్మా. కోడలికని ఇరవై ఏండ్ల సంది పెట్టెల దాచింది. సచ్చేటప్పుడు నా చేతుల పెట్టింది.”

భద్రమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నవనీత చీరను ఒళ్లోకి తీసుకుంది. మడత విప్పి, తిరగేసి, అంచు పొడవునా వేలితో తడిమింది. వేలు ఒకచోట ఆగిపోయింది. ఆమె కళ్లలో నీళ్లు నిండాయి. పోయిన మొగుడు గుర్తొచ్చాడేమోననుకుంది భద్రమ్మ. తను కూడా వంగి అంచు చూసింది.

“అయ్యో, చిలుకలన్నీ ముందుకు సూస్తున్నయి, గిదొక్కటి ఎనక్కి సూస్తాంది!”

“దానికి నవనీత కనబడ్డదమ్మా,” అన్నాడు కమలాకర్. “ఇంక ముందుకెందుకు చూస్తది?”

నవనీత గట్టిగా నవ్వింది. ఐదేళ్లలో ఆ పిల్ల అట్లా నవ్వగా భద్రమ్మ చూడలేదు.

“ఎల్లుండి గుడిల కానిద్దామా?” అన్నాడు కమలాకర్. “ఎక్కువ మందిని పిలువొద్దు. దిష్టి.”

“శుక్రవారం దాకా ఆగుండ్రి,” అంది నవనీత. “గీ చీరకు జాకెట్ కుట్టుకోవాలె. నేనే కుట్టేదాన్నయి పాత జాకెట్‌తోని పీటల మీద కూసోవాల్నా?”

“ఆగుత తియ్. నాకేం బస్సు తప్పిపోతదా?” నవ్వాడు కమలాకర్.

మర్నాడు నవనీత చీరను సంచిలో పెట్టుకొని, జాకెట్ గుడ్డ రంగు కలపాలని వనపర్తి బస్సెక్కింది. చీకటి పడే వేళకు జాకెట్ గుడ్డతో వచ్చింది గానీ చీర తేలేదు.

“పెట్టెల మురిగిన చీర గదా అత్తమ్మా, పాలిష్‌కు ఇచ్చిన.”

ఆ మాట, పెళ్లి మాట రెండూ మర్నాటికి వీధి చివరికి చేరాయి. భద్రమ్మ చెవిన పడ్డది ఊరందరి చెవిన పడ్డట్టేనని నవనీత ఎప్పుడూ అనేది. ఆ మూడు రోజులూ కమలాకర్ వచ్చినప్పుడల్లా చాయ్ పెట్టి ఇచ్చింది, ఎదురుగా కూర్చొని జాకెట్ కుట్టింది, అడిగినదానికల్లా నవ్వుతూ జవాబు చెప్పింది. కోడలి మొహంలో కళ వచ్చిందని భద్రమ్మ దేవుడికి దండం పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున గుమ్మానికి మామిడాకులు కడుతుంటే లక్ష్మీనర్సమ్మ చెప్పులు లేకుండా ఉరికి వచ్చింది.

“వదినె! బస్టాండుల కమలాకర్‌ను పట్టుకున్నరు! ఏదో చెకింగట. సంచిల మూడు పుస్తెలతాళ్లు దొరికినయట. నిద్రగోళీలు దొరికినయట. ఆలేరు బావిల ఏసినోడు వీడేనంటున్నరే!”

భద్రమ్మ మామిడాకులు పక్కన పడేసింది. కోడలిని దగ్గరికి లాక్కొని, తల నుంచి భుజాల దాకా తడిమి చూసుకుంది. నిక్షేపంలా ఉంది పిల్ల. వెచ్చగా ఉంది. అప్పుడు వచ్చింది భద్రమ్మకు ఏడుపు.

“నా చేతులార నిన్ను బావిల నూకుతుంటి గదనే! పోలీసోళ్లు యాళ్లకు రాకుంటె ఏమైతుండె!”

“దేవుడే చెకింగ్ పెట్టించిండు,” అంది లక్ష్మీనర్సమ్మ, చెంపలు వేసుకుంటూ. “నీ అదృష్టం బాగుంది పిల్లా.”

నవనీత అత్త కళ్లు తుడిచింది, మంచినీళ్లు తాగించింది. తర్వాత మిషన్ ముందు కూర్చొని, కుట్టడం పూర్తయిన పెళ్లి జాకెట్ తీసి కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

భద్రమ్మకు ఏడుపు తగ్గి కోపం వచ్చింది. “ఆ చీర తెప్పియ్యి. పాలిష్ వద్దు, ఏమద్దు. పొయ్యిల పెడత.”

“అది పాలిష్‌కు పోలే అత్తమ్మా. వనపర్తి ఠాణాల ఉంది.”

“చీరకు ఠాణాల ఏం పని?” అంది లక్ష్మీనర్సమ్మ.

నవనీత ఇంకో కుట్టు విప్పింది.

“స్నేహలత మొదటి పెండ్లికి దాన్ని నేసింది నేనే.”