ఉదాహరణకి ఒక ప్రశ్న

మా ఆయన కొత్త రచయితలకి వాక్యాలు రాయడం నేర్పుతాడు. అన్నీ ఒకే మూసలో పోస్తే చదివేవాడికి ఆవలింతలొస్తాయట. ఒకచోట ప్రశ్నించాలట, ఒకచోట ఆశ్చర్యపోవాలట, మరోచోట బతిమాలాలట. ఆయన చెబుతుంటే హాలంతా చప్పట్లే. గుమ్మంలో చెప్పులు విడిచాక మాత్రం ఆ మహానుభావుడి దగ్గర మిగిలేది ఒక్క రకమే.

"మంచినీళ్ళు తే." "ఫ్యాను వెయ్." "నీకు తెలీదు, ఊరుకో."

ఇప్పుడా పాఠాలన్నీ పుస్తకంగా వేస్తున్నాడు. ఈరోజూ వేళకి భోంచేసి, పడక్కుర్చీలో వాలి చెప్పడం మొదలెట్టాడు. నేను టైపు చేస్తున్నాను. మధ్యాహ్నం మూడు దాటింది. వంటగదిలో నా కంచం పొద్దుట తోమి బోర్లించినట్టే ఉంది.

ఆజ్ఞలకి ఉదాహరణలు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. చెప్పడా మరి, అలవాటైన విద్య! ప్రశ్నల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. గడ్డం గోక్కున్నాడు, పైకప్పు చూశాడు, కణతలు నొక్కుకున్నాడు. ఎంతకీ ఒక్కటీ తట్టలేదు.

"పుస్తకాల భాష వద్దు. ఇంట్లో మనుషులు ఒకళ్ళనొకళ్ళు రోజూ అడిగేది కావాలి. నువ్వొకటి చెప్పు," అన్నాడు చివరికి.

టైపు ఆపి, ఆయన మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"నువ్వు అన్నం తిన్నావా?"

ఆయన కళ్ళు మెరిశాయి. కుర్చీలో లేచి కూర్చున్నాడు.

"భలే! మూడు ముక్కల్లో ఎంత ఆప్యాయత ఉందో చూశావా? అదే టైపు చెయ్. చేసి, కాఫీ పెట్టుకురా."